తప్పనిసరి ఏఐ: విద్యార్థులు దేన్ని కాదంటున్నారు?

2023 జనవరిలో న్యూయార్క్ నగర విద్యాశాఖ తన బడుల కంప్యూటర్లలో చాట్‌జీపీటీని మూసేసింది. అదే నెలలో పారిస్‌లోని సియాన్స్ పో విశ్వవిద్యాలయం, చెప్పకుండా దాన్ని వాడితే సంస్థ నుంచే పంపించేయాల్సి వస్తుందని విద్యార్థులను హెచ్చరించింది. రెండున్నరేళ్లు తిరిగేసరికి గాలి మారింది. 2029లో పట్టా అందుకునే బ్యాచ్ నుంచి ప్రతి విద్యార్థికీ ఏఐ వాడకం బాగా వచ్చి ఉండాలని 2025 జూన్‌లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ప్రకటించింది. డిసెంబరులో పర్డ్యూ యూనివర్సిటీ పాలకమండలి ఇంకో మెట్టు ఎక్కి, ఏఐతో పనిచేయగల సామర్థ్యాన్ని డిగ్రీ పూర్తికి షరతుగానే పెట్టింది. 2026లో కొత్తగా చేరే డిగ్రీ విద్యార్థులతో అది మొదలవుతుంది.

ఈ మలుపు మీద విద్యార్థులు చెబుతున్న అభ్యంతరాలు బయటివాళ్లకు విడ్డూరంగా అనిపిస్తాయి. బ్రిటన్‌లో ఉన్నత విద్యా విధానాలను పరిశీలించే హెపీ సంస్థ 2025లో చేసిన సర్వేలో, డిగ్రీ విద్యార్థుల్లో 92 శాతం మంది ఏదో ఒక రూపంలో ఏఐ వాడుతున్నామన్నారు. ముందు ఏడాది అది 66 శాతమే. మార్కులు పడే పనులకు వాడేవాళ్లే 88 శాతం. తమంతట తాము వాడుకున్నప్పుడు లేని బాధ, మాస్టారే వాడమంటే ఎందుకొచ్చింది? వద్దంటే వాడతారు, వాడమంటే వద్దంటారు అని విసుక్కునే అధ్యాపకులు లేకపోలేదు.

కానీ ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, అందులో వైరుధ్యం ఏమీ లేదు. అర్ధరాత్రి కోడ్‌లో తప్పు దొరక్క చాట్‌బాట్‌ను అడిగిన అమ్మాయే, "వ్యాసం చిత్తుప్రతి ఏఐతో రాయించండి, చాట్ మొత్తం జత చేయండి, 20 మార్కులు" అన్న అసైన్‌మెంట్‌ను ప్రశ్నించవచ్చు. మొదటిది తన అవసరం, తన నిర్ణయం. రెండోది సంస్థ ఆదేశం. ఆదేశం ఇచ్చినప్పటి నుంచి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఇచ్చినవాళ్లదే అవుతుంది: దీంతో ఏం నేర్చుకుంటారు, రాసిన సమాచారం ఎక్కడికి పోతుంది, ఖర్చు ఎవరిది, ఇష్టం లేనివాళ్లకు వేరే దారేది. విద్యార్థుల అభ్యంతరాలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, అన్నీ ఈ నాలుగు ప్రశ్నల దగ్గరికే వస్తాయి.

ఒక్క మాట కింద నాలుగు సంగతులు

తప్పనిసరి అనే మాట కింద కనీసం నాలుగు వేర్వేరు పనులు జరుగుతున్నాయి.

ఏఐ గురించి చదవడం మొదటిది. అది ఎలా పనిచేస్తుంది, లేని పుస్తకాన్ని ఉన్నట్టు ఎందుకు చెబుతుంది, దాని మాట ఎంతవరకు నమ్మాలి. దీన్ని కాదనేవాళ్లు అరుదు. ఒహాయో స్టేట్, పర్డ్యూ ప్రకటనల్లో మంచి భాగం ఈ కోవలోకే వస్తుంది, కాగితం మీదైనా. పాఠం నేర్చుకునే పనిలోనే ఏఐని వాడమనడం రెండోది: ఆలోచనలు దాన్నడగండి, సారాంశం దానితో రాయించండి, అది రాసిందాన్ని విమర్శించండి. ఫలానా కంపెనీలో మీ పేరు మీద ఖాతా తెరవండి అనడం మూడోది. ఇది రెండోదాని వెంటే వస్తుంది కాబట్టి దీన్ని విడిగా ఎవరూ చూడరు. నాలుగోది పూర్తిగా అధ్యాపకుల వైపు నుంచి జరిగేది: పాఠం, స్లైడ్లు, దిద్దిన వ్యాఖ్యలు ఏఐతో తయారుచేసి ఇవ్వడం. ఇక్కడ విద్యార్థి ఏదీ వాడడు, వాడిందాన్ని పుచ్చుకుంటాడు.

ఈ నాలుగోదాని మీద ఫిర్యాదులు పత్రికలకూ ఎక్కాయి. బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో ఒక విద్యార్థినికి, తన అధ్యాపకుడి నోట్సులో చాట్‌జీపీటీకి ఇచ్చిన ఆదేశం చెరపకుండా మిగిలిపోయి కనిపించింది. అదే కోర్సులో విద్యార్థులు అనుమతి లేకుండా ఏఐ వాడకూడదని నిబంధన ఉంది. ఆ కోర్సుకు కట్టిన 8,000 డాలర్లకు పైగా ఫీజు తిరిగి ఇమ్మని ఆమె 2025లో అధికారికంగా ఫిర్యాదు చేసింది. యూనివర్సిటీ ఇవ్వలేదు. బ్రిటన్‌లోని స్టాఫర్డ్‌షైర్ యూనివర్సిటీలో కోడింగ్ కోర్సు విద్యార్థులు, తమకు ఏఐ స్లైడ్లు చూపిస్తూ, ఒక్కోసారి ఏఐ గొంతుతో పాఠం చెబుతున్నారని నిలదీసిన సంగతి అదే ఏడాది నవంబరులో గార్డియన్ పత్రికలో వచ్చింది. ఇవి మన ప్రధాన ప్రశ్నకు కాస్త పక్కవే. కానీ విద్యార్థుల్లో కోపం ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కావాలంటే వీటిని గుర్తుపెట్టుకోవాలి.

చదువు ఎక్కడ జరుగుతుంది

అన్ని అభ్యంతరాల్లోకీ బరువైనది చదువు గురించినదే. మాస్టారు వ్యాసం రాయమనేది ఆయనకు ఇంకో వ్యాసం కావాలని కాదు, ఆ అంశం మీద ఆయన దగ్గర బీరువా నిండా ఉంటాయి. రాస్తూ రాస్తూ ఒక వాక్యం దగ్గర కలం ఆగిపోతుంది. అర్థమైందనుకున్నది అర్థం కాలేదని అప్పుడే తెలుస్తుంది. మళ్లీ పుస్తకం తీయాల్సి వస్తుంది. "మొదటి చిత్తుప్రతి ఏఐతో రాయించి, తర్వాత మీరు దిద్దండి" అనే అసైన్‌మెంట్ సరిగ్గా ఆ ఆగే చోటునే తీసేస్తుంది. విద్యార్థులు తమ మాటల్లో "దీన్ని నేను నేర్చుకోవడానికి చేరాను, చేయించడానికి కాదు" అన్నప్పుడు చెబుతున్నది ఇదే.

దీనికి గట్టి ఆధారం ఉంది. తుర్కియేలోని ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మందితో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు లెక్కల తరగతుల్లో ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2025లో పీనాస్ అనే శాస్త్ర పత్రికలో వచ్చాయి. కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. కొందరికి జవాబు చెప్పేయకుండా సూచనలు మాత్రం ఇచ్చేలా ఉపాధ్యాయుల సాయంతో మలిచిన బాట్ ఇచ్చారు. మిగతావాళ్లకు పుస్తకం, నోట్సు మాత్రమే. అభ్యాసం లెక్కల్లో మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు 48 శాతం, సూచనల బాట్ వాడినవాళ్లు 127 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత ఏఐ లేకుండా పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు, అసలు ఏఐ ముట్టనివాళ్ల కంటే 17 శాతం వెనకబడ్డారు. సూచనల బాట్ వాడినవాళ్లలో ఆ నష్టం దాదాపు కనిపించలేదు, అలాగని ముందుకూ పోలేదు. వీటన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది ఇంకోటి: నష్టపోయినవాళ్లకు తాము నష్టపోయామని తెలియలేదు.

రెండో వైపు కూడా చెప్పాలి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చదివే 194 మందితో చేసిన ప్రయోగంలో, ఏఐ ట్యూటర్‌తో ఇంట్లో చదివినవాళ్లు మంచి తరగతి గదిలో నేర్చుకున్నవాళ్ల కంటే తక్కువ సమయంలో రెట్టింపు కంటే ఎక్కువ నేర్చుకున్నారు. ఇదీ 2025లో ప్రచురితమైన అధ్యయనమే. అయితే ఆ ట్యూటర్ ఊరికే తెరిచి వదిలేసిన చాట్‌బాట్ కాదు. ప్రతి లెక్కకూ అధ్యాపకులు రాసిన పరిష్కారాన్ని ముందే దానికి ఇచ్చారు, ఒక్కో అడుగే చెప్పేలా కట్టడి చేశారు. ఈ రెండు ప్రయోగాలూ పక్కపక్కన పెట్టి చదివితే, ఏఐ మంచిదా చెడ్డదా అనే చర్చ ఎంత మొరటుగా ఉందో తెలుస్తుంది. మంచి ఫలితం ఇచ్చినవి ఎవరో నెలలు కూర్చుని మలిచినవి. మామూలు అసైన్‌మెంట్‌లో "చాట్‌జీపీటీని అడగండి" అని ఉంటుందే, అది మలచనిది. తప్పనిసరి చేస్తున్నది రెండోదైతే, మొదటిదాని ఫలితాలు చూపించి సమర్థించుకోవడం కుదరదు.

వాట్సాప్‌లో తెగ తిరిగిన ఎంఐటీ మీడియా ల్యాబ్ అధ్యయనం గురించి కూడా ఒక మాట. 54 మందికి తలకు సెన్సర్లు పెట్టి వ్యాసాలు రాయించారు. చాట్‌జీపీటీతో రాసినవాళ్లలో చాలామంది కాసేపటికి తమ వ్యాసంలోంచి ఒక్క వాక్యం కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. చదవాల్సిన అధ్యయనమే. కానీ అందులో ఉన్నది కొద్దిమంది, 2025 జూన్‌లో బయటికొచ్చినప్పుడు ఇంకా తోటి శాస్త్రవేత్తల సమీక్ష జరగలేదు, పైగా "మెదడు కుళ్లిపోతోంది" వంటి మాటలు వాడొద్దని రాసినవాళ్లే పత్రికలను కోరారు. అభ్యంతరం చెప్పే విద్యార్థి దీన్ని తన మొదటి అస్త్రంగా వాడకపోవడం మంచిది. తుర్కియే ప్రయోగం చాలు.

ఇక, "ఏఐ ఇచ్చిన జవాబులో తప్పులు పట్టండి" అనే రకం అసైన్‌మెంట్. ఇది అధ్యాపకులకు బాగా నచ్చింది, ఎందుకంటే వాడకమూ ఉంది, విమర్శా ఉంది. చిక్కు ఏమిటంటే తప్పు పట్టాలంటే ముందు విషయం తెలిసి ఉండాలి. తెలియదు కాబట్టే విద్యార్థి ఆ కోర్సులో చేరాడు. అతనికి నున్నటి వాక్యాల్లో ఉన్న తప్పు కనిపించదు. కనిపించినా, చరిత్ర కోర్సులో అయితే ఆ వారం అతను నేర్చుకున్నది యంత్రం ఎక్కడ తడబడుతుందో మాత్రమే, కాకతీయుల నీటిపారుదల ఎలా సాగిందో కాదు. చివరి సంవత్సరంలో ఇదే అసైన్‌మెంట్ ఇస్తే కథ వేరు. అప్పటికి పట్టుకోగల బలం వచ్చి ఉంటుంది.

మన దగ్గర ల్యాబ్ రికార్డు పక్కవాడిది చూసి దించడం ఏఐ పుట్టకముందు నుంచీ ఉంది. ఇంటర్నల్స్ మార్కులు ఎలా పడతాయో అందరికీ తెలుసు. కాబట్టి అసైన్‌మెంట్ పవిత్రత గురించి మరీ గొప్పలు పోనక్కర్లేదు. కాకపోతే, చూసి దించమని సిలబస్‌లో రాసి దానికి మార్కులు కేటాయించిన కాలేజీ మాత్రం అప్పట్లో లేదు.

ఖాతా తెరవమంటే ఏం అడుగుతున్నట్టు

"చాట్‌జీపీటీలో అడిగి చూడండి" అని అసైన్‌మెంట్ కాగితం మీద ఒక్క లైను ఉంటుంది. పూర్తిగా రాస్తే అది ఇలా ఉండాలి: ఒక విదేశీ కంపెనీ షరతులకు ఒప్పుకోండి, మీ ఈమెయిల్ ఇవ్వండి, మీ ఆలోచనలు, సగం రాసిన వాక్యాలు, తప్పులు అక్కడ టైపు చేయండి, లేకపోతే మార్కులు పోతాయి.

ఉచిత ఖాతాలో రాసినవాటిని, సెట్టింగుల్లోకి వెళ్లి వద్దని చెప్పకపోతే, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ తన ఏఐ నమూనాల శిక్షణకు వాడుకోవచ్చు. యూనివర్సిటీ డబ్బు కట్టి తీసుకునే ఎడ్యు ఖాతాలో మామూలుగా అలా వాడరు. ఈ తేడా ఎంత పెద్దదో 2025లో బయటపడింది. న్యూయార్క్ టైమ్స్ వేసిన కాపీరైట్ కేసులో, వాడుకరులు చెరిపేసిన సంభాషణలను కూడా దాచి ఉంచాలని మే నెలలో కోర్టు ఓపెన్‌ఏఐని ఆదేశించింది. సెప్టెంబరు దాకా ఆ బాధ్యత కొనసాగింది. ఉచిత ఖాతాలవాళ్లు ఆ ఆదేశం కిందికి వచ్చారు, ఎడ్యు ఖాతాలవాళ్లు రాలేదు. ఒకే అసైన్‌మెంట్ చేసిన ఇద్దరు విద్యార్థుల్లో ఒకరి చెరిపేసిన చాట్లు దాచిపెట్టి ఉన్నాయి, ఒకరివి లేవు. తేడా వాళ్ల కాలేజీ లైసెన్సు కొన్నదా లేదా అన్నదే.

చట్టం వైపు నుంచి చూస్తే ఇంకో ముడి. యూరప్ డేటా చట్టమైనా, మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమైనా, సమ్మతి అనేది స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలంటాయి. మన చట్టం ఇంకా స్పష్టంగా, అది ఏ షరతూ లేనిదై ఉండాలంటుంది. మార్కులకు ముడిపెట్టి తీసుకున్న సమ్మతిని స్వేచ్ఛగా ఇచ్చినట్టు ఎలా చూపిస్తారు? అదే చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లను పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల డేటాకు తల్లిదండ్రుల నుంచి నిర్ధారించదగిన సమ్మతి కావాలంటుంది. ఇంటర్ అయ్యి బీటెక్‌లోనో డిగ్రీలోనో చేరే మన పిల్లల్లో చాలామందికి అప్పటికి పదిహేడేళ్లే. ఆ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి ఏడాదిన్నర గడువు ఇచ్చారు. మొదటి సెమ్‌లోనే ఏఐ ఖాతా తెరిపించే కాలేజీలు ఈ గడువులోపే ఒకసారి తమ లాయర్‌ను అడగడం మంచిది.

ఒక తరగతిలో నేరం, పక్క తరగతిలో నియమం

తెలుగువాళ్లకు ఈ సమస్య బాగా దగ్గరగా తగిలేది ఇక్కడే. అమెరికాకు ఎమ్మెస్‌కు వెళ్లే మన విద్యార్థులు ఒకే సెమిస్టర్‌లో సోమవారం తరగతిలో ఏఐ వాడితే అక్రమం, బుధవారం తరగతిలో వాడకపోతే మార్కుల కోత అనే పరిస్థితిలో చదవాల్సి రావచ్చు. స్థానిక విద్యార్థికి ఇది చిరాకు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకు ఇది టెన్షన్, ఎందుకంటే అకడమిక్ తప్పిదం కింద సస్పెండైతే చదువుతో పాటు వీసా హోదా కూడా పోవచ్చు.

పైగా ఏఐ రాతను పట్టుకునే డిటెక్టర్ సాఫ్ట్‌వేర్లు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల మీద పక్షపాతం చూపించిన రికార్డు ఉంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాలు ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాలను ఏఐ రాసిందని అవి తేల్చాయి. అమెరికన్ బడిపిల్లల వ్యాసాల విషయంలో దాదాపు తప్పు చేయలేదు. చిన్న పదాలతో, నేర్చుకున్న పద్ధతిలో రాసే ఇంగ్లిష్ వాటికి యంత్రం రాతలా కనిపిస్తుంది. మన దగ్గర కోచింగ్ సెంటర్లు నేర్పేది సరిగ్గా అలాంటి ఇంగ్లిషే. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ 2023 ఆగస్టులో టర్నిటిన్ అనే కంపెనీ డిటెక్టర్‌ను ఆపేసింది. వాళ్ల లెక్క సులువైనది: ముందు ఏడాది 75,000 పేపర్లు వచ్చాయి, కంపెనీ చెప్పుకునే ఒక శాతం పొరపాటు నిజమే అనుకున్నా 750 పేపర్ల మీద అన్యాయంగా ముద్ర పడేది.

మన దేశంలోనూ ఇది కోర్టు మెట్లెక్కింది. 2024లో జిందాల్ గ్లోబల్ లా స్కూల్ విద్యార్థి ఒకరు, తన జవాబులు ఏఐ రాసినవని ఫెయిల్ చేశారంటూ పంజాబ్ హర్యానా హైకోర్టుకు వెళ్లారు. తర్వాత యూనివర్సిటీ అతన్ని పాస్ చేయడంతో కేసు ముగిసింది. ఏది వాడకం, ఏది మోసం అనే అసలు ప్రశ్నకు కోర్టు తీర్పు మాత్రం రాలేదు.

ఇలాంటి వాతావరణంలో, ఒక్క కోర్సు కోసం ఏఐ వాడకం అలవాటు చేసుకోమనడం విద్యార్థికి ఉపకారంగా కనిపించదు. తన రాత తనదే అని నిరూపించుకోవడానికి ఉన్న ఒకే ఒక్క మాట "నేను దాన్ని ముట్టుకోను" అన్నది. తప్పనిసరి చేయడంతో ఆ మాట చెప్పుకునే వీలు కూడా పోతుంది.

మనస్సాక్షి ప్రశ్నలు

మరో రకం అభ్యంతరం చదువుతో సంబంధం లేనిది: ఈ వస్తువు తయారైన తీరే నచ్చలేదు అనేది. ఇందులో కొన్ని బలమైనవి, కొన్ని అంతగా నిలబడవు.

పుస్తకాల సంగతి బలమైనదే. దొంగ ప్రతులు దొరికే సైట్ల నుంచి లక్షల పుస్తకాలు దించుకున్నారన్న కేసులో ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ 2025 సెప్టెంబరులో రచయితలకు 150 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. కొన్న పుస్తకాలతో శిక్షణ ఇవ్వడం న్యాయమైన వాడకమేనని అదే కేసులో జడ్జి అంతకు ముందు చెప్పారన్నదీ నిజం. శ్రమ సంగతి కూడా ఉంది: చాట్‌జీపీటీ నోట చెడు మాటలు రాకుండా చేయడం కోసం కెన్యాలో గంటకు రెండు డాలర్ల లోపు కూలికి మనుషులతో దారుణమైన రాతలు చదివించారని టైమ్ పత్రిక 2023 జనవరిలో బయటపెట్టింది. సాహిత్యమో సామాజిక శాస్త్రమో చదివే విద్యార్థి వీటిని పట్టించుకుంటే, అది ఆ కోర్సు నేర్పాల్సినదాన్నే నేర్చుకున్నట్టు.

నీళ్లు, కరెంటు వాదన దగ్గర కాస్త జాగ్రత్త కావాలి. తన చాట్‌బాట్ జెమినైని అడిగే ఒక మామూలు ప్రశ్నకు 0.24 వాట్ అవర్ కరెంటు, 0.26 మిల్లీలీటర్ల నీళ్లు ఖర్చవుతాయని గూగుల్ 2025లో చెప్పింది. కంపెనీ లెక్కే కాబట్టి, శిక్షణ ఖర్చు, కరెంటు తయారీకి పట్టే నీళ్లు అందులో లేవు కాబట్టి, ఎంతో కొంత పెంచుకుని చూసినా, ఒక అసైన్‌మెంట్‌కు అయ్యేది చిన్నదే. "నా ప్రశ్న వల్ల చెరువు ఎండిపోతుంది" అనడం నిలవదు. అసలు బరువు డేటా సెంటర్లు ఎక్కడ పడుతున్నాయి అన్న చోట ఉంది. ఐర్లండ్‌లో 2024లో మొత్తం మీటరు కరెంటులో 22 శాతం డేటా సెంటర్లకే పోయింది. విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. భూమి, నీళ్లు, కరెంటు గురించి అక్కడ ప్రశ్నలు మొదలయ్యాయి కూడా. ఆంధ్రా యూనివర్సిటీలో చదివే పిల్లకు ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు, తన ఊరి సంగతి. అయితే ఇది ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్న. అసైన్‌మెంట్ మానేసినంత మాత్రాన తేలేది కాదు.

డబ్బు

2025 జనవరి చివర్లో కాలిఫోర్నియాలోని సొనోమా స్టేట్ యూనివర్సిటీ లోటు బడ్జెట్ పేరుతో తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం, భూగర్భశాస్త్రం వంటి విభాగాలను మూసేస్తున్నట్టు ప్రకటించింది. రెండు వారాలు తిరక్కుండానే, అది భాగమైన కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ 4,60,000 మందికి పైగా విద్యార్థులకు చాట్‌జీపీటీ ఎడ్యు ఇస్తున్నామని గొప్పగా చాటింది. ఒప్పందం విలువ దాదాపు 1 కోటి 70 లక్షల డాలర్లు. రెండు పద్దులూ వేరని అధికారులు అనొచ్చు. కానీ మాస్టారు పోయి చాట్‌బాట్ వచ్చిన విద్యార్థికి కనిపించేది ఆ వరుసే.

మన దగ్గర వ్యవహారం ఇంకో రకం. విద్యార్థులకు గూగుల్ తన ప్రో ప్లాన్‌ను ఏడాది పాటు ఉచితంగా ఇచ్చింది. జియో నంబరుతో జెమినై, ఎయిర్‌టెల్ నంబరుతో పర్‌ప్లెక్సిటీ అనే ఏఐ వచ్చాయి. ఓపెన్‌ఏఐ కూడా 2025 నవంబరు నుంచి చాట్‌జీపీటీ గో ప్లాన్‌ను ఏడాది ఉచితం చేసింది. ఉచితం ఉన్నంతకాలం ఎవరికీ అభ్యంతరం ఉండదు. నాలుగేళ్ల డిగ్రీలో మొదటి ఏడాదే ఉచితమైతే మిగతా మూడేళ్ల అసైన్‌మెంట్లు ఎవరి ఖర్చు అన్నది కాలేజీ ముందే చెప్పాలి. డబ్బు కట్టి వాడేవాడికీ ఉచితంగా వాడేవాడికీ దొరికే జవాబుల్లో తేడా ఉన్నప్పుడు, ఆ జవాబుల ఆధారంగా మార్కులు వేయడం పర్సులను బట్టి మార్కులు వేయడమే.

భాష తేడా కూడా కలపండి. 2024 మేలో కొత్త నమూనా తెచ్చినప్పుడు ఓపెన్‌ఏఐయే ఇచ్చిన ఉదాహరణలో, ఒకే సందేశం ఇంగ్లిష్‌లో 24 టోకెన్లు (నమూనా రాతను కోసుకునే ముక్కలు, వాడకాన్ని లెక్కించేది వీటిలోనే), తెలుగులో 45 టోకెన్లు పట్టింది. అంతకు ముందు తెలుగులో అది 159. చాలా మెరుగైంది, నిజమే. అయినా ఆ నమూనాలో అదే మాటకు తెలుగు దాదాపు రెట్టింపు మోసింది.

మరి యూనివర్సిటీల వాదన?

తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. బయట కంపెనీలు ఏఐ వచ్చా అని అడుగుతున్నాయి. మన దేశంలో సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2025ను కృత్రిమ మేధ సంవత్సరంగానే ప్రకటించింది. ఇంట్లో చెప్పేవాళ్లున్న పిల్లలు దీన్ని ఎలాగూ నేర్చుకుంటారు, మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలే వెనకబడతారు, అందుకే అందరికీ తప్పనిసరి చేస్తున్నాం అనే వాదనలో న్యాయం ఉంది. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఇది మొదటి రకానికి, అంటే ఏఐ గురించి నేర్పడానికి, విడిగా ఒక ల్యాబ్ పెట్టడానికి సరిపోతుంది. చరిత్ర వ్యాసాన్ని ఏఐతో మొదలుపెట్టాలనే షరతుకు సరిపోదు.

కాలిక్యులేటర్ వచ్చినప్పుడూ ఇలాగే గోల చేశారు అనే మాట తరచూ వినిపిస్తుంది. కాలిక్యులేటర్‌కు ఖాతా అక్కర్లేదు, అది ఎవరికీ ఏమీ పంపదు, ఏడు ఎనిమిదుల యాభై ఆరు అని ఎవరడిగినా ఒకటే చెబుతుంది. పైగా ఎక్కాలు రాకముందే దాన్ని చేతికిచ్చిన బడి మనకు తెలియదు.

నాకు ఇంతకంటే దగ్గరగా అనిపించే ఉదాహరణ జువాలజీ ల్యాబ్‌లో ఉంది. 1987లో కాలిఫోర్నియాలో ఒక హైస్కూల్ విద్యార్థిని కప్పను కోయనంది. గొడవ కోర్టు దాకా వెళ్లింది. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం చట్టం చేసింది: నైతిక అభ్యంతరం ఉన్న విద్యార్థికి అదే విషయం నేర్పే వేరే పని ఇవ్వవచ్చు. ఆ పనికి సమానమైన సమయం, శ్రమ పట్టాలి. శిక్షించడానికన్నట్టు దాన్ని మరింత కష్టంగా పెట్టకూడదు. అభ్యంతరం చెప్పినందుకు వివక్ష చూపకూడదు. మన దగ్గర ఇది ఇంకా దూరం వెళ్లింది. యూజీసీ 2011లో జంతువుల కోతను తగ్గించమంది, 2014లో జువాలజీ, జీవశాస్త్ర కోర్సుల్లో పూర్తిగా ఆపమంది. కప్పలు కోయకుండా డిగ్రీ ఎలా ఇస్తారని అప్పుడూ అడిగారు. చార్టులతో, మోడళ్లతో, కంప్యూటర్ బొమ్మలతో ఇస్తూనే ఉన్నారు.

ఆ చట్టంలోని మూడు షరతులూ ఏఐ అసైన్‌మెంట్‌కు దాదాపు మార్పు లేకుండా సరిపోతాయి. ఇక్కడైతే ఇంకా సులువు. మామూలుగా మినహాయింపు అడిగేవాడి మీద పని ఎగ్గొట్టడానికే అనే అనుమానం ఉంటుంది. ఏఐ వద్దనే విద్యార్థి అడుగుతున్నది ఆ పని నేనే చేస్తాను అని.

కాబట్టి సెమ్ మొదటి వారంలో, సిలబస్ కాగితం చేతికి రాగానే రాతపూర్వకంగా అడగాల్సినవి అడగొచ్చు: ఏ ఖాతా, ఎవరి డబ్బు, చాట్లు ఎక్కడ నిలవుంటాయి, వద్దనుకుంటే సమానమైన పని ఏది. అధ్యాపకులకు కూడా దారులున్నాయి. ఏఐ తప్పులు పట్టించాలంటే, జవాబును తామే రాబట్టి ప్రింటు తీసి తరగతిలో పంచవచ్చు. అందరికీ ఒకే జవాబు, ఎవరికీ ఖాతా అక్కర్లేదు, దిద్దడమూ తేలిక. వాడి తీరాల్సిందే అయితే యూనివర్సిటీ ఖాతా మీద, తరగతి గదిలో, అధ్యాపకుడి తెర మీద చూపించవచ్చు. ముందు సొంతంగా రాయించి, తర్వాత దాన్ని ఏఐ జవాబుతో పోల్చమనవచ్చు. ఈ ఒక్క వరుస మార్పుతో తుర్కియే ప్రయోగంలో కనిపించిన నష్టం తగ్గుతుందని నా నమ్మకం.

మినహాయింపు పొసగని చోటూ ఒకటుంది. భాషా నమూనాలు తయారుచేయడమే పాఠమైన కోర్సులో చేరి, వాటిని ముట్టుకోను అంటే కుదరదు. ఎలక్టివ్‌గా ఎంచుకున్న మెషిన్ లెర్నింగ్ ల్యాబ్‌లో అభ్యంతరం చెప్పేవాళ్లకు వేరే ఎలక్టివ్ చూపించడమే సరైన జవాబు. చిక్కల్లా మధ్యలో ఉన్నవాటితో: బీటెక్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్, జర్నలిజం, ఎంబీఏ మార్కెటింగ్. ఈ వృత్తుల్లో ఏఐ రోజువారీ పనిముట్టు అవుతోంది, కానీ కోర్సు పేరు ఏఐ కాదు. ఇక్కడ ఎంత తప్పనిసరి, ఎంత ఐచ్ఛికం అన్నది ఒక్కో విభాగం కూర్చుని తేల్చుకోవాల్సిందే. పర్డ్యూ కూడా ఆ ప్రమాణాలు రాసే పనిని ఒక్కో కాలేజీ డీన్‌ల దగ్గరికే పంపింది. ఆ గదుల్లో విద్యార్థులకు కుర్చీ వేస్తారా అన్నది ఇక అక్కడివాళ్లు అడగాలి.